మూడు రకాల కార్లు, ఒక ఘాట్ రోడ్డు, ఒక సెల్లారు

తిరుమల కొండ దిగి అలిపిరి చేరుతున్న కార్ల పక్కన కాసేపు నిలబడితే కాలిన వాసన తగులుతుంది. అది బ్రేకుల వాసన. ఏ కారు కొనాలన్న చర్చ ఎక్కడ మొదలైనా మైలేజీ, రేంజి, ధర చుట్టూనే తిరుగుతుంది. కానీ పెట్రోలు కారుకూ హైబ్రిడ్‌కూ ఎలక్ట్రిక్ కారుకూ ఉన్న మూలమైన తేడా ఆ వాసనలోనే ఉంది.

లెక్క వేసి చూద్దాం. తిరుపతి కంటే తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తులో ఉంది. కారు, నలుగురు మనుషులు, సామాను కలిపి 1,800 కిలోలనుకుంటే, అంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికి పట్టే శక్తి దాదాపు మూడున్నర యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలైతే ఇంకాస్త తక్కువ. ఆ లెక్కన కొండెక్కడానికి అరలీటరు కూడా అక్కర్లేదు కదా అనిపిస్తుంది. అయితే ఇంజను తనలో మండిన ఇంధనంలో పది పాళ్లకు మూడు పాళ్లనే చక్రాలకు అందిస్తుంది. మిగతాదంతా రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ వేడిగా బయటికి పోతుంది. అందుకే ఆ ఎత్తు ఎక్కడానికే లీటరుకు పైగా పెట్రోలు ఖర్చవుతుంది.

ఇక దిగడం. పెట్రోలు కారును గేరులో ఉంచి దింపితే ఇంజనుకు ఇంధనం అందడం ఆగిపోతుంది. అంతవరకు మేలే. కానీ సంపాదించిన ఎత్తును మళ్లీ పెట్రోలుగా మార్చుకునే దారి దానికి లేదు. ఆ మూడున్నర యూనిట్లలో కొంత గాలికి, కొంత టైర్ల రాపిడికి, కొంత ఇంజనుకు పోగా మిగిలినదంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారిపోతుంది.

ఎలక్ట్రిక్ కారులోని మోటారుకు రెండు పనులూ వచ్చు. కరెంటు ఇస్తే చక్రాన్ని తిప్పుతుంది, చక్రం తనను తిప్పితే కరెంటు పుట్టిస్తుంది. గాలికీ టైర్లకూ పోయేది తీసేసినా, కొండ దిగేసరికి ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు బ్యాటరీకి తిరిగొస్తాయి. అంటే పది పన్నెండు కిలోమీటర్ల ప్రయాణం ఊరికే వచ్చినట్టు. కొండ మీదే నూటికి నూరు శాతం చార్జింగ్ పెట్టుకుని బయల్దేరితే మాత్రం ఈ లాభం దక్కదు. నిండిన బ్యాటరీలో కొత్త కరెంటుకు చోటుండదు, మళ్లీ బ్రేకులే దిక్కు. 2022 నుంచి ఏపీఎస్‌ఆర్టీసీ ఈ ఘాట్ మీద ఎలక్ట్రిక్ బస్సులు నడుపుతోంది. టన్నుల కొద్దీ బరువున్న బస్సుకు ఈ లెక్క ఎన్ని రెట్లవుతుందో ఊహించవచ్చు. ఎలక్ట్రిక్ బస్సుకు ఇంతకంటే తగిన దారి మన దగ్గర మరొకటి నాకు కనిపించదు.

హైబ్రిడ్ ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. దానిలోనూ మోటారు ఉంది, దిగేటప్పుడు కరెంటు పుట్టించడమూ తెలుసు. కానీ దాచుకునే పాత్ర చిన్నది. మన రోడ్ల మీద తిరిగే గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌ల బ్యాటరీ ముప్పావు యూనిట్ పట్టేది మాత్రమే. ఎక్కువ కాలం మన్నాలని అందులోనూ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. కాబట్టి కొండ పూర్తిగా దిగకముందే అది నిండిపోతుంది.

మరి అంత చిన్న బ్యాటరీతో అంత మంచి మైలేజీ ఎలా వస్తోంది? అది తెలియాలంటే ఊరి ట్రాఫిక్‌లోకి రావాలి.

కొండలు లేకపోయినా అమీర్‌పేటలోనో బెంజి సర్కిల్ దగ్గరో కారు రోజంతా చిన్న చిన్న కొండలు ఎక్కి దిగుతున్నట్టే లెక్క. 1,500 కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి పాతికసార్లు ఆగితే ఒక యూనిట్ శక్తి బ్రేకుల్లో పోతుంది. ఒక్కసారి ఆగినప్పుడు పోయేది చాలా తక్కువ గనక, దాన్ని పట్టుకోవడానికి హైబ్రిడ్‌లోని చిన్న బ్యాటరీ చాలు. కానీ హైబ్రిడ్ చేసే పెద్ద మేలు ఇది కాదు. పెట్రోలు ఇంజనుకు ఒక బలహీనత ఉంది. ఎక్కువ పని చెబితే బాగా చేస్తుంది, కొద్దిపాటి పని చెబితే ఇంధనం వృథా చేస్తుంది. పిస్టన్ల రాపిడి, మూసుకున్న థ్రాటిల్ గుండా గాలి పీల్చుకోవడానికి పడే శ్రమ, పని తక్కువైనా దాదాపు అంతే ఉంటాయి. అందుకే కొండెక్కేటప్పుడు ముప్పై శాతం పనితనం చూపే ఇంజను, ట్రాఫిక్‌లో అందులో సగానికి పడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడైతే చేసే పని సున్నా, ఖర్చు మాత్రం ఆగదు.

1997 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన టొయోటా ప్రియస్ ఈ బలహీనత మీదే దెబ్బ కొట్టింది. నెమ్మదిగా కదిలేటప్పుడు మోటారు లాగుతుంది, ఇంజను ఆగిపోతుంది. ఇంజను తిరిగినంతసేపూ దానికి అచ్చొచ్చే వేగంలో, అచ్చొచ్చే భారంతో తిరుగుతుంది, మిగిలిన శక్తిని బ్యాటరీలో వేస్తుంది. ఇంజనును, రెండు మోటార్లను ఒకే గేర్ల గుత్తిలో కలిపిన ఆ ఏర్పాటును చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ కుటుంబంలోని తర్వాతి ఇంజన్లు అత్యుత్తమ స్థితిలో నలభై శాతం పనితనం దాకా చేరాయి. కొనేవారికి ఒక జాగ్రత్త: చిన్న మోటారు తగిలించి ఇంజనుకు కాస్త చేయూతనిచ్చే ‘మైల్డ్ హైబ్రిడ్’ వేరు, ఇంజను ఆపేసి మోటారు మీదే నడవగల ‘స్ట్రాంగ్ హైబ్రిడ్’ వేరు. ఈ వ్యాసంలో చెప్పేదంతా రెండోదాని గురించే.

హైవే ఎక్కగానే పరిస్థితి తారుమారవుతుంది. పెట్రోలు కారుకు ఊళ్లో కంటే హైవే మీద మైలేజీ ఎక్కువ, ఎలక్ట్రిక్ కారుకు, అంటే ఈవీకి, తక్కువ. దీన్ని చూసి బ్యాటరీలో ఏదో లోపం ఉందని చాలామంది అనుకుంటారు. కారణం గాలి. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 110 దగ్గర అది దాదాపు 1.9 రెట్లు. ఈ భారం అన్ని కార్లకూ ఒకటే. అయితే పెట్రోలు ఇంజనుకు హైవే మీద చేతినిండా పని దొరికి పనితనం పెరుగుతుంది గనక గాలి నష్టం పైకి కనిపించదు. ఈవీ పనితనం ఊళ్లోనూ బాగానే ఉంటుంది గనక హైవేలో పెరిగే భారం మీటరు మీద ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు హైదరాబాద్ నుంచి విజయవాడకు, అంటే సుమారు 270 కిలోమీటర్లు, 80 దాటకుండా వెళ్తే ఆగకుండా చేరగలదు. 110లో ఏసీ వేసుకుని వెళ్తే దారిలో ఒకసారి చార్జింగ్ పెట్టక తప్పదు.

ఆ ఆగే సమయాన్ని కూడా అర్థం చేసుకోవాలి. ఫాస్ట్ చార్జర్ 80 శాతం దాకా చకచకా నింపి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్య సర్దుకోవాలి. నిండిన బస్సెక్కినవాడు సీటు వెతుక్కోవడానికి పట్టినట్టే, చివరి అయాన్లకు చోటు దొరకడానికి సమయం పడుతుంది. తొందరపెడితే అవి పొరల్లోకి దూరకుండా పైనే లోహంగా పేరుకుపోతాయి, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి దూర ప్రయాణంలో 80 దగ్గర వైరు తీసేసి కదలడమే తెలివైన పని. మన మే నెల ఎండలు కూడా బ్యాటరీకి పరీక్షే. వేడిని మెరుగ్గా తట్టుకునే, కోబాల్ట్ అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రసాయనం 1990ల్లో అమెరికాలో జాన్ గుడెనఫ్ ప్రయోగశాల నుంచి వచ్చింది. అదే శక్తికి బరువు కాస్త ఎక్కువే, అయినా మన వాతావరణానికి అది బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

ఇప్పుడు డబ్బు. లీటరు పెట్రోలు 107 రూపాయలు, ఇంటి కరెంటు యూనిట్ 10 రూపాయలు అనుకుందాం. వంద కిలోమీటర్లకు పెట్రోలు కారు, లీటరుకు 15 ఇస్తే, సుమారు 710 రూపాయలు తాగుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ 22 ఇస్తే 490 రూపాయలు. ఈవీ ఇంట్లో చార్జి చేస్తే 15 యూనిట్లు, 150 రూపాయలు. అదే ఈవీని యూనిట్ 22 రూపాయల పబ్లిక్ చార్జర్ దగ్గరే ఎప్పుడూ నింపితే 330 రూపాయలు, పైగా చార్జర్ ఖాళీ అయ్యేదాకా నిలబడే సమయం. ఈవీ లాభాల్లో పెద్ద భాగం ఇంటి సాకెట్‌లోనే ఉంది. ఎవరైనా ‘ఏ కారు కొనను?’ అని అడిగితే, ‘రాత్రి కారు ఎక్కడ పెడతారు?’ అని నేను ముందుగా తిరిగి అడగడం అందుకే.

పొగ లెక్కలో మాత్రం ఈవీ అభిమానులకు రుచించని నిజం ఒకటుంది. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కాని వనరులదే అయినా, పుట్టే కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. లైన్ల నష్టం కలిపి వేస్తే ఈవీ వంద కిలోమీటర్లకు పన్నెండు, పదమూడు కిలోలు. పెట్రోలు శుద్ధి, రవాణా కలిపి వేస్తే స్ట్రాంగ్ హైబ్రిడ్ కూడా దాదాపు అంతే. మామూలు పెట్రోలు కారు పద్దెనిమిది కిలోల చుట్టుపక్కల. అంటే ఈ రోజు ఈవీ, హైబ్రిడ్ సమఉజ్జీలు. అయితే హైబ్రిడ్ కొన్న రోజు ఎంత పొగ వదులుతుందో పదిహేనేళ్ల తర్వాతా అంతే. ఈవీ పొగ మాత్రం గ్రిడ్ శుభ్రపడిన కొద్దీ తగ్గుతుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు వచ్చింది. పగటి సౌరశక్తితో నీళ్లను పైకెక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ఇలాంటి ఏర్పాట్లు పెరిగేకొద్దీ రాత్రి సెల్లార్లో చార్జయ్యే కారు వెనక బొగ్గు తగ్గుతూ వస్తుంది. దానికి తోడు, సిగ్నల్ దగ్గర బండి మీద కూర్చున్నవాళ్ల ముక్కులోకి ఈవీ నుంచి పొగ రాదు. నగరంలో ఉండే నాకు అదొక్కటే చాలా పెద్ద కారణం.

బ్యాటరీ తయారీలోనే మూడు నాలుగు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని కూడా మరవకూడదు. పెట్రోలు కారుతో పోలిస్తే వంద కిలోమీటర్లకు ఆరు కిలోలు ఆదా అయ్యే చోట, ఆ బాకీ తీరడానికి యాభై అరవై వేల కిలోమీటర్లు తిరగాలి. రోజూ నలభై కిలోమీటర్లు ఆఫీసుకు తిరిగేవారికి నాలుగైదేళ్లలో తీరుతుంది. ఏడాదికి నాలుగైదు వేలు దాటనివారు తమ పాత చిన్న పెట్రోలు కారును బాగా చూసుకుంటూ నడుపుకోవడమే మేలు. వారికి షోరూమువాళ్లు ఏం చెప్పినా తొందరపడొద్దని నా మాట. సొంత పార్కింగు, సాకెట్ ఉండి రోజూ తిరిగేవారు ఈవీకి వెనకాడనక్కర్లేదు. తెలంగాణలో 2026 డిసెంబరు దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు కూడా ఉంది. సాకెట్‌కు దారిలేక నెలకు రెండు మూడుసార్లు దూరాలు పోయేవారికి స్ట్రాంగ్ హైబ్రిడ్ సరైన కారు.

ఆ సాకెట్ దగ్గరే అపార్ట్‌మెంట్లలో పేచీ వస్తోంది. నలభై ఫ్లాట్లు, నలభై ఈవీలు, ఒక్కోటి 3.3 కిలోవాట్లు లాగితే 132 కిలోవాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదని అసోసియేషన్ వాళ్లు భయపడతారు. లెక్క సరిచేద్దాం. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగిన కారుకు కావాల్సింది ఆరు యూనిట్లు. నలభై కార్లకు 240. రాత్రి ఎనిమిది గంటల్లో వంతులవారీగా సర్దితే 30 కిలోవాట్లు చాలు. ఏ కారుకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో చూసుకునే చార్జర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మంచి ఎర్తింగ్, ఫ్లాటుకు విడి మీటరు పెట్టిస్తే బిల్లు తగాదా కూడా ఉండదు. ఇంకా కడుతున్న భవనాల్లోనైతే శ్లాబు వేసేటప్పుడే ప్రతి పార్కింగు దగ్గరికీ ఖాళీ పైపు వేయించమని బిల్డరును ఇప్పుడే అడగాలి. తర్వాత గోడలు కొట్టి వైరు లాగడానికయ్యే ఖర్చుతో పోలిస్తే ఆ పైపు ఖర్చు చాలా తక్కువ.