సన్న రంపం, చిక్కని పని

చెక్క పలక అంచు ఎక్కడా తెగకుండా, సరిగ్గా నడిమధ్యన నెలవంక ఆకారంలో కంత కోయాలంటే మామూలు చేతి రంపం పనికిరాదు. బ్యాండ్ సా కూడా పనికిరాదు. దాని బ్లేడు అతుకు విప్పలేని చుట్ట కాబట్టి అంచు కోసుకుంటూనే లోపలికి రావాలి. ఇలాంటి లోపలి కోతలకు తగిన యంత్రం స్క్రోల్ సా. ఇందులో బ్లేడు ఒక కొసను విప్పి, చెక్కలో ముందే వేసిన చిన్న బెజ్జంలోంచి దూర్చి, మళ్లీ బిగించి కోత మొదలుపెట్టవచ్చు.

యంత్రం నిర్మాణం సులువే. పైన ఒకటి, కింద ఒకటి రెండు దండాలు, వాటి కొసల మధ్య నిలువుగా బిగించిన అయిదు అంగుళాల బ్లేడు, అది దూరే రంధ్రమున్న చదునైన బల్ల, ఒక మోటారు. మోటారు తిరిగితే బ్లేడు కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ ఆడుతుంది. చాలా యంత్రాల్లో ఈ వేగాన్ని నిమిషానికి సుమారు 400 నుంచి 1,800 సార్ల దాకా మార్చుకోవచ్చు. ఇక్కడ రంపం ఉన్నచోటే ఉంటుంది, చెక్కనే తిప్పాలి. బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా ఉన్న దూరమే యంత్రం సైజు. ఇంట్లో సరదాగా పనిచేసుకునేవారికి 16 అంగుళాలది సరిపోతుంది. కోయగల మందం సాధారణంగా రెండు అంగుళాలకు మించదు.

విద్యుత్తు రాకముందే ఈ పని ఉంది. 17వ శతాబ్దపు పారిస్‌లో ఆండ్రే షార్ల్ బూల్ తాబేటి చిప్పనూ ఇత్తడి రేకునూ ఒకదానిమీద ఒకటి పెట్టి, సన్న రంపంతో ఒకేసారి కోసి, ఒకదాని కంతలో మరొకటి పొదిగేవాడు. 1760లలో లండన్‌కు చెందిన జాన్ స్పిల్స్‌బరీ పటాలను చెక్కకు అతికించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పే ఆటవస్తువుగా అమ్మాడు. జిగ్‌సా పజిల్‌కు మూలం అదే. 19వ శతాబ్దం చివర్లో కాలితో తొక్కే రంపాలు యూరప్, అమెరికా ఇళ్లలోకి వచ్చాయి. ఆ తర్వాత తొక్కుడు స్థానంలో మోటారు చేరింది.

పని నాణ్యతను యంత్రం ధర కన్నా బ్లేడు ఎంపికే ఎక్కువగా నిర్ణయిస్తుంది. బ్లేడ్లు రెండు రకాలు. కొసల్లో అడ్డంగా చిన్న పిన్ను ఉన్నవి బిగించడం తేలిక, కానీ ఆ పిన్ను దూరాలంటే నాలుగైదు మిల్లీమీటర్ల బెజ్జం కావాలి. పిన్ను లేనివి అంతకన్నా చాలా చిన్న బెజ్జంలోంచీ దూరతాయి. అందుకే నాజూకు జాలీ పని చేయదలచినవారు రెండో రకాన్ని పట్టే యంత్రమే కొనాలి. బ్లేడు నంబరు పెరిగేకొద్దీ వెడల్పు, మందం పెరుగుతాయి. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 1 నుంచి 3 నంబర్లు, ముప్పావు అంగుళం చెక్కకు 5, అంతకు మించిన మందానికి 7 లేదా 9 వాడతారు. బ్లేడు పళ్లు కిందికి చూడాలి. అడుగున కొన్ని పళ్లు పైకి తిరిగి ఉండే రకం వాడితే చెక్క అడుగు భాగం పేళ్లు లేవకుండా తెగుతుంది.

చెక్క సంగతికి వస్తే, కొత్తవారికి మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ అనువైనది. చవక ప్లైవుడ్ పొరల మధ్య ఖాళీలుంటాయి. సన్నని తీగలాంటి భాగం అక్కడికి రాగానే విరుగుతుంది. వడ్రంగి దుకాణాల్లో మిగిలే టేకు ముక్కలు చక్కగా తెగుతాయి గానీ, టేకులోని సిలికా వల్ల బ్లేడు త్వరగా మొండిబారుతుంది.

కోత వరుస ఇలా ఉంటుంది. చెక్కను గరుకు కాగితంతో నునుపు చేసి, దాని మీద టేపు, టేపు మీద నమూనా కాగితం అతికించాలి. ఇలా చేస్తే కోత పూర్తయ్యాక కాగితం తేలిగ్గా ఊడివస్తుంది. కంతలు పడాల్సిన ప్రతిచోటా బెజ్జం వేసి, లోపలి కోతలన్నీ ముందు ముగించాలి. బయటి అంచును ముందే కోసేస్తే పట్టుకోవడానికి చోటుండదు. బిగువు సరిపోయిన బ్లేడును వేలితో మీటితే స్పష్టమైన మోత వస్తుంది. వదులుగా ఉంటే కోత వంకరపోతుంది. బిగువు బాగున్నా చెక్క ఒక పక్కకు లాగినట్టనిపిస్తే భయపడనక్కర్లేదు. అచ్చుకొట్టి చేసిన బ్లేడుకు ఒక వైపు గరుకు మిగులుతుంది, అది ఆ వైపు ఎక్కువ కోస్తుంది. చెక్కను కొంచెం ఏటవాలుగా అందిస్తే సరిపోతుంది. ముందుకు గట్టిగా తోస్తే మాత్రం బ్లేడు వంగి విరుగుతుంది.

తెలుగులో పేరు పలక కోసేవారికి అక్షరాల గుండ్రదనం కలిసివస్తుంది. చిక్కంతా విడిగా ఉండే భాగాలతోనే. ‘ఠ’ నడుమ చుక్క, ‘ప’, ‘స’, ‘హ’ల మీది తలకట్టు, కింద పడే వత్తులు చాలావరకు అక్షరానికి అంటుకుని ఉండవు. అక్షరాన్ని ముక్కగా కోసి తీస్తే ఇవన్నీ వేరుగా వచ్చేస్తాయి. నమూనాలోనే సన్న వంతెన గీసి కలపాలి, లేదా వెనక ఒక పలక వేసి వాటిని విడివిడిగా అతికించాలి. అక్షరాన్నే కంతగా కోస్తే తిరకాసు తారుమారవుతుంది. సున్నా గీత వెంట కోయగానే మధ్యలోని బిళ్ల ఊడి పడుతుంది, దాన్ని నిలబెట్టడానికి వంతెన కావాలి.

మొదట కీచైన్లు, పజిళ్లు, ఆ తర్వాత పేరు పలకలు, జాలీ పని అన్నది నేర్చుకోవడానికి తగిన వరుస. ఒకే ఆకారం అయిదారు కావాలంటే పల్చని పలకలను పేర్చి, టేపు చుట్టి, ఒక్క కోతతో తీయవచ్చు. చేయి కుదిరాక నిలువు దిమ్మె నుంచి బొమ్మలు తీయవచ్చు. ఒక ముఖం మీది నమూనా కోసి, తెగిన ముక్కలను తిరిగి టేపుతో చుట్టి, దిమ్మెను పక్కకు తిప్పి రెండో ముఖం కోస్తే, విప్పగానే నాలుగువైపులా రూపమున్న చదరంగం పావు బయటికొస్తుంది. బల్లను రెండు మూడు డిగ్రీలు వాల్చి రెండు రంగుల చెక్కలను కలిపి కోస్తే, ఒకదాని ముక్క రెండోదాని కంతలో సందు లేకుండా బిగుసుకుంటుంది.

మిగతా యంత్ర రంపాలతో పోలిస్తే ఇది సాధువే, అయినా వేళ్లు బ్లేడు దారిలో ఉండకూడదు. విరిగిన బ్లేడు ముక్క ఎగరవచ్చు కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు తీసెయ్యాలి. అసలు ముప్పు సన్న పొట్టుతో. చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు, అందుచేత మాస్కు, గాలి ఆడే గది అవసరం.

కోత ముగిశాక అడుగున మిగిలిన పేళ్లను గరుకు కాగితంతో తీసేస్తారు. జాలీ పని సందుల్లోకి బ్రష్షు సరిగా వెళ్లదు. అందువల్ల వెడల్పాటి పళ్లెంలో అవిసె నూనె పోసి వస్తువును ముంచి తీసి, కారిన నూనెను గుడ్డతో అద్ది ఆరబెడతారు. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని ఆరుబయట పరిచి ఆరనిచ్చాకే పారేయాలి.