వార్తల్లో పదం: ఐ.ఎస్.ఆర్.సి.

1919లో మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో రవీంద్రనాథ ఠాకూరు ‘జనగణమన’ నాలపింపగా, మార్గరెట్ కజిన్స్ ఆ వరుసకు స్వరలేఖనము సిద్ధపఱచినది. పాట గాయకుని కంఠము వీడి దూరదేశములకు చేరుటకు అట్టి లిఖితమైన ఆనవాలొకటి ఆవశ్యకము. నేడు ధ్వనిముద్రణకు ఆ ఆనవాలే ఐ.ఎస్.ఆర్.సి.; అనగా 12 అక్షరాంకముల అంతర్జాతీయ సంకేతము. ఇది పాటకు గాక ముద్రణకు చెందును గనుక, అదే పాటను మరల పాడి ముద్రించినచో వేఱొక సంకేతము కావలెను.

పుంగనూరులోనో కుప్పములోనో భారతకథా గానమును సొంతముగా ముద్రించుకొన్న గాయకుడు దానిని వాట్సాప్‌లో పంచి ఊరకున్నచో, ఎందఱు విన్నను ఒక్క శ్రవణమైనను లెక్కకెక్కదు. పంపిణీదారు ద్వారా స్పాటిఫై వంటి వేదికలకు పంపినచో సంకేతము సాధారణముగా అతడే సమకూర్చును, ఆదాయము దాని పేరిటనే జమయగును. పంపిణీదారును మార్చునపుడు పాత సంకేతమునే తప్పక ఒప్పగింపవలెను. లేనిచో పూర్వపు శ్రవణసంఖ్య చేజారవచ్చును. గాయకనామమును సర్వత్ర ఒకే తీరున వ్రాయవలెను. స్పాటిఫైలో సంపాదకుల జాబితాలకు పాటను విడుదలకు కనీసము 7 దినములు ముందే నివేదించుట మేలు; ఈ యొక్క పనినే మనవారు తఱచుగా ఉపేక్షించుచున్నారని నా బాధ. రచయితకును స్వరకర్తకును రావలసిన రాయల్టీ వేఱు. 2012 కాపీరైటు సవరణ దానిని దృఢపఱచినది, వసూలునకు రచయితల, స్వరకర్తల హక్కుల సంఘమైన ఐ.పి.ఆర్.ఎస్.లో సభ్యత్వము పొందవలెను.