మడతల్లో లేని దురద

అటోపిక్ డెర్మటైటిస్ అనే దురద చర్మవ్యాధి అనగానే డాక్టరు ముందుగా వెతికేది మోచేతి మడత, మోకాలి వెనక మడత. అక్కడ ఏమీ లేకపోతే? 1980లో హనిఫిన్, రాజ్కా అనే చర్మవైద్యులు ఈ జబ్బును గుర్తించడానికి ఇచ్చిన ప్రమాణాల్లో 4 ప్రధాన లక్షణాలు, 23 చిన్న లక్షణాలు ఉన్నాయి. రెండిట్లోనూ కనీసం మూడేసి ఉంటే చాలు. ఆ ప్రధానమైనవి దురద, వయసును బట్టి వచ్చే చోటు, విడవకుండా తిరగబెట్టడం, తనకో ఇంట్లోవాళ్లకో ఆస్తమా, అలర్జీ ఉండటం. చోటు నాలుగింట్లో ఒకటే. అది కుదరకపోయినా మిగతా మూడూ లెక్కకు వస్తాయి.

మన దగ్గర ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 2019లో యూ, థైసన్, సిల్వర్‌బర్గ్ అనే పరిశోధకులు 101 అధ్యయనాలను కలిపి చూస్తే, భారత్‌లో మడతల్లో రావడం తక్కువగా, మోచేతి, మోకాలి బయటివైపు రావడం ఎక్కువగా నమోదైంది. పైగా చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు. బూడిదరంగుగానో, నల్లగానో ఉంటుంది. ఒక్కోసారి వెంట్రుక కుదుళ్ల దగ్గర గరుకు గింజల్లా మాత్రమే తేలుతుంది. తీవ్రతను 0 నుంచి 72 వరకు కొలిచే ఈఏఎస్ఐ స్కోరులో చూసే నాలుగు గుర్తుల్లో ఎరుపు ఒకటి. అది కంటికి ఆనకపోతే జబ్బు ఉన్నదానికంటే తక్కువగా లెక్కకొస్తుంది.

హైదరాబాద్‌లో అల్వాల్ అయినా, ఊరిబయట శామీర్‌పేట అయినా, పిల్లల బుగ్గ మీద తెల్లమచ్చ కనబడితే కడుపులో పురుగులంటారు, కాల్షియం తక్కువంటారు. లోపల మాత్రం బొల్లేమో, కుష్ఠేమోనన్న భయం. అంచులు స్పష్టంగా లేకుండా, సన్నటి పొట్టుతో ఉండే పిటిరియాసిస్ ఆల్బా అటోపిక్ డెర్మటైటిస్ 23 చిన్న లక్షణాల్లో ఒకటి. బొల్లి మచ్చ పాలతెలుపు, అంచు గీసినట్టుంటుంది. కుష్ఠు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది.

కనురెప్పలు, చెవితమ్మె కింది భాగం, చనుమొనలు, అరికాలి ముందుభాగం కూడా అటోపిక్ డెర్మటైటిస్ వచ్చే చోట్లే. వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ, రాత్రిళ్లు ఇంటిల్లిపాదికీ దురదంటే మాత్రం ముందు గజ్జిని అనుమానించాలి. పెద్దయ్యాక తొలిసారి, అదీ వింత చోట వస్తే, తాకినదేదో పడక వచ్చిందేమో తేల్చే ప్యాచ్ టెస్ట్ అడగండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబు ఇలాంటి చర్మజబ్బుల రూపాన్ని మార్చేస్తుంది. 2018లో కేంద్రం 14 రకాల పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. డాక్టరు రాసిచ్చినప్పుడు కొలత ఇది: పెద్దవాళ్ల వేలికొన పొడవున పిండితే సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.