కొండదారుల్లో తొలి సైకిలు యాత్రకు బయలుదేరుతున్నారా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారికి సైకిలు కొత్త కాదు. పాలబిందెలు, కూరగాయల బుట్టలు, బడిపిల్లలు, ధాన్యం బస్తాలు అన్నీ ఒకప్పుడు సైకిలు మీదే నడిచాయి. ఇప్పుడు అదే సైకిలు మీద పట్టణాల్లో కొత్త ముచ్చట మొదలయింది. పాతికమందో ముప్ఫైమందో జట్టుగా చేరి తెల్లవారుజామున బయలుదేరుతున్నారు. వంద, రెండు వందల కిలోమీటర్లు తొక్కి వస్తున్నారు. దారిలో కొండవీడు ఘాట్ రోడ్డో, నరసరావుపేట దగ్గరి కోటప్పకొండో ఉంటే వారి ఉత్సాహం రెట్టింపవుతుంది. ఇంకా సాహసం గలవారు విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు దాకా వెళుతున్నారు.

సంతోషించవలసిన విషయమే. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శరీరశ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందుకు సైకిలుకు మించిన సాధనం అరుదు. కాని వారమంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నలభై ఐదేళ్ళ మనిషి, ఆదివారం నాడు ఒక్కసారిగా పాతికేళ్ళ కుర్రాళ్ళతో పంతం పట్టి కొండెక్కితే అది వ్యాయామం కాదు, ప్రమాదం. అంచేత మొదటిసారి వెళ్ళేవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఇది పందెం కాదు

ముందుగా మనసులో పెట్టుకోవలసిన మాట ఇదే. దూరప్రయాణపు సైకిలు యాత్రల్లో ప్రసిద్ధమైనవి బ్రెవేలు. మన దేశంలో వీటిని ఆడాక్స్ ఇండియా రాండనర్స్ అనే సంస్థ పర్యవేక్షిస్తుంది. వీటిలో ఫస్టు, సెకండు ఉండవు. గడువులోగా చేరిన వారందరూ సమానమే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. లెక్క వేసుకోండి. 200 కిలోమీటర్లకు గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. కాఫీ తాగడానికి ఆగినా సమయం మిగులుతుంది. ఫ్రాన్సులో 1891లో పుట్టిన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఈ యాత్రలన్నిటికీ పెద్దన్న. 1,200 కిలోమీటర్లకు 90 గంటలు గడువు. దాన్ని పూర్తి చేసేవారిలో జుట్టు నెరసినవారు ఎందరో ఉంటారు. వారిని గట్టెక్కించేది వేగం కాదు, నిదానం.

కొండ ఎందుకు కష్టం?

మన డెల్టా సముద్రమట్టానికి పది మీటర్లకు అటూ ఇటూ ఎత్తున ఉంటుంది. కాలవగట్టు మీద యాభై కిలోమీటర్లు తొక్కిన కాళ్ళు కూడా కొండ ముందు తడబడతాయి. చదును నేల మీద మనకు అడ్డుపడేది గాలి. కొండ మీద అడ్డుపడేది మన బరువే.

ఒక ఉదాహరణ చూడండి. మీ బరువు 70 కిలోలు, సైకిలూ సామానూ కలిపి 15 కిలోలు. 300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అందుకు శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు 250 నుంచి 300 కేలరీలు. అంటే ఐదారు ఇడ్లీల శక్తి. ఇంతేనా అనిపిస్తుంది. కాని అదే ఎత్తు 40 నిమిషాల్లో ఎక్కితే గుండె మీద పడే భారం వేరు, 20 నిమిషాల్లో ఎక్కితే పడే భారం వేరు. ఇడ్లీల లెక్క మారదు. పని జోరు మాత్రం రెట్టింపవుతుంది. కొండ మీద కూలబడేవారు శక్తి చాలక కూలబడరు, తొందరవల్ల కూలబడతారు.

అందుకే గేర్లున్న సైకిలు మేలు. మన మామూలు సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. ముందు 28, వెనక 32 పళ్ళున్న గేరులో రెండు మీటర్లు కూడా పోదు. అంటే ఒక్కొక్క చుట్టుకు మీరు ఎత్తవలసిన బరువు మూడో వంతుకు తగ్గింది. చుట్లు ఎక్కువ తొక్కాలి, నిజమే. కాని మోకాళ్ళు బతికిపోతాయి. వాలు మొదలు కాకముందే చిన్న గేరుకు మార్చుకోండి. మధ్యలో బలవంతంగా మారిస్తే చెయిను జారుతుంది.

ముందు డాక్టరు, తరువాత సైకిలు

నలభై దాటినవారు, రక్తపోటు, చక్కెరవ్యాధి, ఉబ్బసం ఉన్నవారు, పొగతాగేవారు, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారు ఉన్నవారు డాక్టరుకు చూపించుకోకుండా పేరు ఇవ్వకూడదు. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్లుండడం, ఆయాసం, కళ్ళు తిరగడం వంటివి ఉంటే ఆ మాట దాచకండి.

ఇన్సులిను గాని, గ్లిబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి తొక్కుతుండగానే కాదు, ఆ రాత్రి నిద్రలో కూడా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. మోతాదు ఎంత మార్చాలో డాక్టరే చెప్పాలి. జేబులో గ్లూకోజు పొడి గాని చక్కెర గాని ఉండి తీరాలి. అది ఎక్కడుందో పక్కవాడికి తెలిసి ఉండాలి. అటినలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి అంతగా పెరగదు. అందుచేత నాడి చూసుకుని శ్రమను అంచనా వేసుకోకూడదు. మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది.

ఎనిమిది వారాల సాధన

వంద కిలోమీటర్ల యాత్రకు ఎనిమిది వారాలు కేటాయించండి. మొదటి రెండు వారాలూ రోజు విడిచి రోజు 15, 20 కిలోమీటర్లు చాలు. మూడు, నాలుగు వారాల్లో ఆదివారం 40కి పెంచండి. తెనాలి వారికి ఐదు, ఆరు వారాల్లో రేపల్లె వెళ్ళిరావడం మంచి పరీక్ష. రానూపోనూ సుమారు 70 కిలోమీటర్లు. ఏడోవారం బాపట్ల వెళ్ళిరండి, అది వందకు దగ్గర పడుతుంది. అలసిపోతే తిరుగు ప్రయాణానికి రైలుంది, సిగ్గుపడనక్కర లేదు. ఎనిమిదో వారం తగ్గించేయండి. యాత్రకు ముందు రెండు రోజులూ విశ్రాంతి.

మరి కొండ ఎక్కడిది? దాని బదులు మనకు ఎదురుగాలి ఉంది. సాయంత్రం నాలుగున్నర దాటాక సముద్రపు గాలి వీచే రోజున బాపట్ల నుంచి సూర్యలంక వైపుకో, రేపల్లె నుంచి పెనుమూడి వంతెన మీదికో తొక్కి చూడండి. ఎదురుగాలి దిగుడు లేని కొండ వంటిది, మధ్యలో విశ్రాంతి ఇవ్వదు. ఊళ్ళో రైల్వే పై వంతెన ఉంటే వారానికి ఒకసారి దాన్ని ఎనిమిది, పది సార్లు ఎక్కి దిగండి. తొక్కుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే శ్రమ సరిగ్గా ఉన్నట్లు. రెండు మాటలకే ఊపిరి ఆగిపోతుంటే వేగం తగ్గించండి.

సీటు ఎత్తు

సీటు మీద కూర్చుని, పెడలు బాగా కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనించండి. మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప దగ్గర, మరీ పైకి ఉంటే మోకాలి వెనక నొప్పి రావచ్చు.

తొడల మధ్య తిమ్మిరెక్కితే పదిహేను నిమిషాలకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి. తిమ్మిరి మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, సిగ్గు పనికిరాదు. చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారితే అరచేతి నరం నొక్కుకుంటోందన్నమాట. చేతులు పట్టుకునే చోటు మారుస్తూ ఉండాలి. ఆడవారికి నెలసరి అడ్డంకి కాదు, ఓపికను బట్టి వెళ్ళవచ్చు. గర్భిణులు మాత్రం డాక్టరు సలహా లేకుండా వెళ్ళకూడదు.

తిండి, నీరు

ఖాళీ కడుపుతో బయలుదేరకండి. రెండు గంటల ముందు ఇడ్లీ గాని, నూనె తక్కువ వేసిన ఉప్మా గాని తినండి. పెసరట్టు, గారెలు తిరిగి వచ్చాక. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఓ మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఆకలి వేశాక తినడం కాదు, అరగంటకొకసారి కొద్దికొద్దిగా తినాలి. అరటిపండు, ఖర్జూరం, వేరుశనగ అచ్చు అన్నీ పనికొస్తాయి. చక్కెరవ్యాధి ఉన్నవారు ఈ లెక్క కూడా డాక్టరును అడిగే పెట్టుకోవాలి.

నీరు మన ఎండల్లో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా పట్టవచ్చు. మీ శరీరానికి ఎంత కావాలో సాధనలోనే తెలుసుకోండి. బయలుదేరే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు నీరు లోటు పడినట్లు. బరువు పెరిగితే మాత్రం అతిగా తాగినట్లు. ఉప్పు లేని నీరు లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. చెమట బాగా పట్టే రోజున ఉప్పు వేసిన పల్చటి మజ్జిగో, మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్సో తాగండి. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. రక్తపోటు వారు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి.

ఒళ్ళు నొప్పులకని దారిలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మింగకండి. నీరు తగ్గిన శరీరంలో అవి మూత్రపిండాలకు చేటు.

జట్టులో మర్యాద

చదును దారిలో ముందున్నవారి వెనక తొక్కితే గాలి తాకిడి తగ్గుతుంది. కాని కొత్తవారు మరీ అంటుకుపోకూడదు. ఒక సైకిలు పొడవు ఖాళీ ఉంచండి. మీ ముందు చక్రం ఎదుటివారి వెనక చక్రం పక్కకు చేరకూడదు. రెండూ తగిలితే పడేది మీరే. గొయ్యి కనబడితే చెయ్యి చూపించి, కేక వేసి వెనకవారికి చెప్పాలి. చెప్పకుండా బ్రేకు వేయకూడదు. కొండ మీద జట్టు విడిపోవడం సహజం. ఎవరి ఊపిరి వారిది, పైన కలుసుకోండి.

ఎక్కలేకపోతే దిగి నడిపించండి. నవ్వేవారు నవ్వనీ. సాయంగా వెంట వచ్చే వ్యాను కూడా ఎక్కడానికే గాని అలంకారానికి కాదు.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఎక్కడంలో అలసట, దిగడంలో గాయాలు. మలుపులో కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. రెండు బ్రేకులూ వాడాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే మనిషి హేండిలు మీదుగా ఎగిరిపడతాడు. అదేపనిగా పట్టుకుంటే రిమ్ములు కాలిపోతాయి, వదిలి వదిలి పట్టండి. తలకు హెల్మెట్టు, చీకట్లో ముందూ వెనకా దీపాలు, మెరిసే చొక్కా తప్పనిసరి.

ఇవి కనబడితే ఆగిపోండి

ఛాతీలో బరువు, అది ఎడమ చేతికో దవడకో పాకడం, ఆగినా తగ్గని ఆయాసం, కళ్ళు చీకట్లు కమ్మడం. వీటిలో ఏది వచ్చినా సైకిలు దిగి కూర్చోండి. గ్యాసులే అని సోడా తాగి మళ్ళీ ఎక్కకండి. వెంటనే 108కి ఫోను చేయించండి.

తోటివాడు తడబడుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, వడదెబ్బే కావచ్చు. అంబులెన్సు వచ్చేదాకా ఊరికే కూర్చోకండి. నీడకు చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. చక్కెరవ్యాధి ఉన్న మనిషి చెమటలు పట్టి, వణుకుతూ, చిరాకు పడుతుంటే మింగగల స్థితిలో ఉండగానే చక్కెర పెట్టండి.

తిరిగివచ్చాక రెండు రోజులు తొడలు పట్టేయడం మామూలే. అన్నం, పప్పు, పెరుగు, కంటినిండా నిద్ర చాలు. మూత్రం డికాక్షను రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్ళండి. కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీదికి వచ్చే అవకాశం ఉంది. అంతా బాగుంటే మూడోనాడు సైకిలు తీసి, ఊళ్ళో పది కిలోమీటర్లు నెమ్మదిగా తొక్కి రండి. ఏడాదికొకసారి ఎక్కే కొండకంటె, రోజూ తొక్కే ఆ పది కిలోమీటర్లే గుండెకు ఎక్కువ మేలు చేస్తాయి.