ఆడగుర్రాల గర్భాశయంలో తిత్తులు, కణితులు: నిర్ధారణలో కాలగణన ప్రాధాన్యం

హైదరాబాదు గుర్రప్పందాలు తొలుత నాచారం పొరుగున ఉన్న మౌలాలీలో జరిగేవి. 1886లో మలక్‌పేటకు తరలాయి. పందేల నుండి విరమించిన ఆడగుర్రం విలువ దాని సంతానంలోనే ఉంటుంది. చూలు కాలం సుమారు 11 నెలలు. కనుక ఒక ఎదకాలం వ్యర్థమైతే దాదాపు ఏడాది పోయినట్లే. ఈ నష్టానికి ఒక్కొక్కసారి వ్యాధి కంటె నిర్ధారణలోని పొరపాటే కారణమవుతుంది.

గర్భాశయ తిత్తులలో అధికభాగం లోపలి పొరలోని శోషరస నాళాలు ఉబ్బడం వలన ఏర్పడతాయి. వయసు మళ్ళిన గుర్రాలలో ఇవి ఎక్కువ. చిన్న తిత్తులు ఒకటి రెండు ఉంటే చూలుకు సాధారణంగా ఆటంకం కలగదు. పెద్దవి అనేకంగా ఉన్నప్పుడు తొలి రోజులలో గర్భాశయమంతటా సంచరించవలసిన పిండానికి అడ్డుపడవచ్చు.

1980 నుండి అందుబాటులోకి వచ్చిన అల్ట్రాసౌండ్ పరీక్షలో ద్రవం నల్లగా కనబడుతుంది. పిండకోశంలోనూ తిత్తిలోనూ ఉన్నది ద్రవమే. అందువలన ఒక్క చిత్రం చూసి రెండింటినీ వేరుచేయడం కష్టం. అండం విడుదలైన సుమారు 16వ రోజు వరకు పిండకోశం కదులుతుంది, దినదినం పెరుగుతుంది. తిత్తి ఉన్నచోటనే ఉంటుంది. సుమారు 25వ రోజు నాటికి పిండంలో గుండె స్పందన కనబడుతుంది. తిత్తిని కవల పిండంగా భావించి చిదిమే ప్రయత్నంలో అసలు పిండమే నశించవచ్చు. కవలను తిత్తిగా భావించి విడిచిపెడితే తరచుగా రెండూ దక్కవు. 36వ రోజు ప్రాంతంలో గర్భాశయంలో ప్రత్యేక హార్మోను స్రవించే కణజాలం ఏర్పడుతుంది. ఆ తరువాత చూలు పోయినా గుర్రం వెంటనే ఎదకు రాదు.

కణితులు అరుదు. వాటిలో ప్రధానమైనది నునుపు కండరాల నుండి పుట్టే లియోమయోమా. ఇది సాధారణంగా ప్రాణాంతకం కాదు. తిత్తి మెత్తగా ఉంటే ఇది చేతి పరీక్షకు గట్టిగా తగులుతుంది, అల్ట్రాసౌండ్‌లో ఘనపదార్థంగా కనబడుతుంది. గర్భాశయ అంతర్దర్శినితో చూసి, ముక్క తీసి పరీక్షించినపుడే నిర్ధారణ పూర్తవుతుంది. కెన్నీ, డోయిగ్ 1986లో ప్రతిపాదించిన నాలుగు తరగతుల బయాప్సీ వర్గీకరణ గర్భాశయపు లోపలి పొర క్షీణతను అంచనా వేస్తుంది. ఆ క్షీణత తీవ్రంగా ఉంటే తిత్తిని లేజర్‌తో తొలగించినా చూలు నిలుస్తుందన్న భరోసా లేదు.

కనుక దాటించడానికి ముందే ప్రతి తిత్తి స్థానాన్ని, పరిమాణాన్ని, ఆకారాన్ని పటంగా గీసి భద్రపరచడం ఆవశ్యకం. తరువాతి పరీక్షలో కనబడే నల్లని వలయం పాతదా, కొత్తదా అన్న ప్రశ్నకు ఆ పటమే తొలి సమాధానం.