రంపం మొరాయిస్తే.. ముందు చూడాల్సినవివే

కందుకూరు: సుబాబుల్, జామాయిల్ కోతల్లో పెట్రోలు రంపం మొరాయిస్తే కూలీల రోజంతా వృథా అవుతుంది. చిన్న లోపాలను ఇంటివద్దే సరిచేసుకోవచ్చు.

ఇంజిన్ అందుకోకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు; ఆరబెట్టి బిగించి, చోక్ తీసి తాడు లాగాలి. పొడిగా ఉంటే ట్యాంకులోని ఫిల్టర్‌ను పరిశీలించాలి. ఇంజిన్ నడుస్తున్నా శక్తి తగ్గితే ఎయిర్ ఫిల్టర్‌లోని పొట్టు దులపాలి.

పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ కలపకుంటే పిస్టన్ పట్టేస్తుంది. 50:1 నిష్పత్తి సూచించిన యంత్రాలకు లీటరుకు 20 మి.లీ. చాలు. గొలుసుకు పోసే ఆయిల్ వేరు.

ముక్కలకు బదులు మెత్తటి పొడి రాలితే పళ్లు మొద్దుబారినట్లే. గుండ్రటి ఆకురాయితో పదును పెట్టాలి. గొలుసు వదులైతే పట్టాలోంచి ఊడి గాయపరిచే ప్రమాదముంది. ఇంజిన్ ఆపి, ప్లగ్గు తీగ తొలగించి, చేతికి తొడుగులు ధరించాకే గొలుసును తాకాలి.