మౌస్‌ప్యాడును ఎన్నుకొనే విధం

పనిముట్టు మంచిదైతే చాలదు. దానికి ఆధారమైనది కూడా మంచిదై ఉండవలె. కలానికి కాగితం ఎట్టిదో, కంప్యూటరు మౌస్‌కు మౌస్‌ప్యాడు అట్టిది. అయినను కంప్యూటరు కొనేవారు తెరను గురించి పదిమందిని విచారిస్తారు గాని, ఈ చిన్న పరుపు విషయంలో మాత్రం అంగడివాడు చేతిలో పెట్టినదే పదివేలనుకొంటారు.

1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా బిల్ ఇంగ్లీష్ నిర్మించిన తొలి మౌస్ ఒక కొయ్యపెట్టె; దాని అడుగున రెండు చక్రాలు. కాలక్రమాన చక్రాల స్థానంలో బంతి వచ్చింది. బంతి జారక దొర్లవలెనంటే క్రింద కొంత గరుకుదనం ఉండవలె. ఆ అవసరాన్ని మౌస్‌ప్యాడు తీర్చింది. 1999లో మైక్రోసాఫ్టు విడుదల చేసిన కాంతి మౌస్ బంతిని తొలగించి, సామాన్యమైన బల్లలపై కూడా చక్కగా నడిచింది.

అట్లయితే ఇక ప్యాడు ఎందుకు? కాంతి మౌస్‌లోని సూక్ష్మనేత్రం సెకనుకు వేయికి మించిన చిత్రాలు తీసి, వరుస చిత్రాలను పోల్చి, చేయి ఎటు ఎంత కదలినదో తేల్చుతుంది. నేసిన గుడ్డలోని పోగులు దానికి కొండగుర్తులు. తేటయైన గాజుబల్లపై అట్టి గుర్తులు లేవు గనుక సాధారణ మౌస్ తడబడుతుంది.

గుడ్డ ప్యాడుపై చేయి అనుకొన్నచోట నిలుస్తుంది. గట్టి ప్లాస్టిక్ పలకపై వేగంగా జారుతుంది గాని చప్పుడు హెచ్చు. గుడ్డ చెమటను పీల్చుకొంటుంది. కోస్తా జిల్లాల వేసవి ఉక్కలో ఈ సంగతి మరువరాదు. మురికి పట్టినపుడు గోరువెచ్చని సబ్బునీటితో కడిగి నీడన ఆరవేస్తే గుడ్డ తిరిగి నునుపెక్కుతుంది.

పరిమాణానికి విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చును. తెర వెడల్పు 1920 చుక్కలు; మౌస్ అంగుళానికి 400 చుక్కల లెక్కన నడిస్తే, తెర దాటడానికి 4.8 అంగుళాలు, అనగా సుమారు 12 సెంటీమీటర్లు కదలవలె. 1600 అయితే 3 సెంటీమీటర్లే చాలును. గురి తప్పరాదని తక్కువ లెక్క పెట్టుకొనే ఆటగాళ్ళకు 45 సెంటీమీటర్ల వెడల్పైనా కావలె. మార్కులు ఎక్కించుకొనే ఉపాధ్యాయునికి 25 సెంటీమీటర్లు పుష్కలం.

వెలకన్న విలువైనది చేయి. మణికట్టులోని ఇరుకుదారి గుండా ఒక ముఖ్యమైన నరం సాగుతుంది. గంటల తరబడి దానిపై ఒత్తిడి పడితే వ్రేళ్ళు తిమ్మిరెక్కవచ్చును. కొన్ని ప్యాడులకుండే మెత్తని దిండు విరామవేళ చేయి ఆన్చుకొనుటకే. మౌస్‌ను కదిపేటపుడు మణికట్టును దిండుకు అదిమిపెట్టక, ముంజేతినంతటినీ కదపవలె.

అంచున రంగుల దీపాలున్న ప్యాడులు బాలురను ఊరిస్తాయి. ఆ వెలుగు కంటికి ఇంపే గాని గురికి వెంట్రుకవాసి సాయం చేయదు. ఆ సొమ్ముతో వేరే చూడవలసినవి ఉన్నవి. ప్యాడును బల్లపై పరచి అరచేతితో నెట్టండి. అడుగున ఉన్న రబ్బరు పట్టు విడువరాదు. మూలలు పైకి లేవరాదు. అంచులు కుట్టి ఉంటే పోగులు ఊడవు. పిదప మౌస్‌ను మెల్లగా, ఆపైన వడిగా నడిపి చూడండి; రెండు మారులూ తెరపై బాణం చేతిని అనుసరించవలె.

ఈ నాలుగు పరీక్షలకు అంగడిలో అయిదు నిమిషాలు చాలును. ఏళ్ళ తరబడి ఆ పరుపుపై తిరుగాడవలసిన చేతికోసం అదేమంత పెద్ద వ్యయం కాదు.